‘కాదు’ నొక్కినా పంపేస్తోంది

మొన్న సోమవారం పొద్దున మా ఆఫీసులో కొత్తగా చేరిన రిలీజ్ లీడ్, అంటే విడుదలలు చూసే అమ్మాయి, నాకో మెయిల్ పెట్టింది. మర్యాదగానే రాసింది, పాపం. "మేడం, మీ పేరు మీద ఒక బగ్ ఏడేళ్ళుగా ఓపెన్‌లోనే ఉంది. దాని కింద మూడు వందలకు పైగా కామెంట్లున్నాయి. అన్నీ ఒక్కరే రాశారు. దాదాపు అన్నిట్లోనూ ఒక్కటే మాట. ఏదో ఆటోమేటిక్‌గా వచ్చిపడ్డ చెత్తలా ఉంది. క్లోజ్ చేసెయ్యనా?"

ఆ ఒక్క మాట, "ఇంకా ఉంది."

చెత్త అన్నందుకు ముందు నాకు ఒళ్ళు మండింది. ఘాటుగా నాలుగు వాక్యాలు టైపు చేసి, చెరిపేసి, కాఫీ తెచ్చుకుని కూర్చున్నాను. ఆ పిల్ల తప్పేముంది? ఆయన్ని చూడలేదు కదా.

ఆ కామెంట్లు రాసిన మనిషి పోయిన వానాకాలంలో పోయాడు. గుండెపోటు. పొద్దున్నే టిఫిన్ తింటూ, రెండో ఇడ్లీ మధ్యలో. యాభై రెండేళ్ళు. పదకొండో రోజున ఖాజాగూడలో వాళ్ళింటికి వెళితే, వాళ్ళక్క నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, ఒక రకమైన గర్వంతో చెప్పింది.

"గుండెనొప్పితోని పోయిండు చెల్లె. అందరు పోయినట్లే పోయిండు."

పక్కన కూర్చున్న చుట్టాలు ఇదేం మాట అన్నట్టు చూశారు. నాకు మాత్రం అర్థమైంది. పాతికేళ్ళ కిందట దవాఖానాలో ఒక డాక్టరమ్మ ఆవిడను కూర్చోబెట్టి, మీ తమ్ముడికున్న జబ్బు పేరు స్కిజోఫ్రీనియా, మందులు వాడుతూ దీనితో బతకొచ్చు, కానీ ఈ జబ్బున్నవాళ్ళలో కొందరు తమ ప్రాణం తామే తీసుకుంటారు, కనిపెట్టుకుని ఉండాలి అని చెప్పిందట. ఆవిడ పాతికేళ్ళూ కనిపెట్టుకునే ఉంది. తమ్ముడి మామూలు చావు ఆవిడ గెలుపు. నా గెలుపు కూడా కొంచెం ఉందని చెప్పుకుంటే ఆయన ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే అందులో కూడా ఒక తప్పు పట్టుకుంటాడు.

తప్పులు పట్టడమే ఆయన ఉద్యోగం. మాది ఉద్యోగుల హాజరు, సెలవులు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ. మేం ప్రోగ్రాం రాస్తాం, టెస్టర్లు దాన్ని వాడి చూసి ఎక్కడ చెడిందో చెబుతారు. దొరికిన ప్రతి తప్పునూ బగ్ అని పేరుపెట్టి, నంబరు వేసి, రాసినవాళ్ళ నెత్తిన పెడతారు. బాగుచేసేదాకా అది ఎర్రగా కనబడుతూ ఉంటుంది. బాగైందని టెస్టర్ ఒప్పుకుంటే పచ్చగా మారుతుంది. మా బతుకంతా ఎరుపును పచ్చ చేసుకోవడమే.

నేను చేరిన కొత్తలో సెలవు దరఖాస్తు తెర ఒకటి తయారుచేశాను. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, దాన్ని చూసి నేనే మురిసిపోయి కూకట్‌పల్లిలో మా అమ్మకు కూడా ఫోన్‌లో ఫొటో పంపాను. పొద్దున పదింటికి ఆయన చేతికిచ్చాను. భోజనం వేళకు పదిహేడు బగ్గులు వచ్చాయి. పదిహేడోది మరీ దారుణం. "సెలవు కారణంలో ‘పెళ్ళి’ అని పెట్టి, ఒక్కరోజే అడిగితే కూడ ఒప్పుకుంటున్నది. ఒక్కరోజుల పెండ్లి ఎట్లయితది?" అని ఉంది.

యుద్ధానికి వెళ్ళాను. ఆయన మూలసీటులో, గోడకు వీపు ఆనించి కూర్చుని, నీళ్ళసీసా మూత తిప్పుతున్నాడు. బిగించాడు, విప్పాడు. బిగించాడు, విప్పాడు. మూడోసారి బిగించి పక్కన పెట్టాడు.

"నా మెషిన్‌లో బాగానే పనిచేస్తోందండీ!" అన్నాను. ప్రోగ్రాం రాసేవాళ్ళందరూ తాతముత్తాతల నుంచీ చెప్పే సాకు ఇదే.

"అయితే నీ మిషన్ తీస్కపోయి కస్టమర్ ఇంట్ల పెడుదమా మేడం?" అన్నాడు. కోపం లేదు, వెటకారం కూడా లేదు. నిజంగానే పెట్టాలా అన్నట్టు అడిగాడు. "కూసో. నీ మీద నాకేం లేదు. ఉన్నది ఉన్నట్లు రాసిన."

కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషని ఆ రోజే తేల్చేశాను. మా టీమంతా అంతకుముందే తేల్చేసి ఉంది.

ఆయనకు ఏదైనా మూడుసార్లు చేస్తేనే నిజం. లిఫ్టు మీట మూడుసార్లు, కుళాయి మూడుసార్లు. టీ కూడా మూడు గుటకలు వేసి, ఆగి, అప్పుడు తీర్పు చెప్పేవాడు. "ఒకసారి అయింది అదృష్టం, రెండుసార్లు అయింది అలవాటు, మూడోసారి కూడ అయితే పనిచేస్తున్నట్లు" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను చూశాను గానీ, ఈయన ఆ కాళ్ళు మూడుసార్లు లెక్కపెట్టి మరీ అనే రకం. ఒక ఏడాది దసరాకు కంపెనీ పోస్టర్ పంపిస్తే, అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, ఈయన బగ్ పెట్టాడు. "అమ్మవారికి ఒక దిక్కు నాలుగు చేతులు, ఇంకో దిక్కు ఐదు ఉన్నయి." చూస్తే నిజమే. పోస్టరు వెనక్కి తీసుకున్నారు.

ఒక్క వాళ్ళక్క దోసెల మీద మాత్రం ఆయన ఏనాడూ బగ్ పెట్టలేదు. ఖాజాగూడ సందులో ఆవిడకు టిఫిన్ బండి ఉంది. "దోస మీద ఎందుకు పెట్టరండీ?" అంటే, "ఆమె గరిటె తీస్తది" అన్నాడు.

జబ్బు సంగతి కూడా తనే చెప్పాడు, పదిహేడు బగ్గులు చెప్పినంత తేలిగ్గా. ఒక మధ్యాహ్నం క్యాంటీన్ వరసలో నిలబడి ఉండగా నావైపు తిరిగి, "మేడం, ఇప్పుడు నన్ను ఎవరన్న పిలిచిండ్రా?" అని అడిగాడు.

"లేదండీ."

"మంచిగ విన్నవా?"

"పక్కనే ఉన్నాను కదండీ. ఎవరూ పిలవలేదు."

"సరే. అంటే నా మిషన్లనే వస్తున్నది" అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నేను తెల్లబోయి చూస్తుంటే చెప్పాడు. ఆయనకు ఇద్దరి గొంతులు వినబడతాయి. ఒకాయన, ఒకామె. మందులకు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. గొంతు వినబడ్డప్పుడల్లా పక్కవాళ్ళను అడుగుతాడు. వాళ్ళకు కూడా వినబడితే నిజం. తన ఒక్కడికే వినబడితే బగ్.

"ఏమంటారండీ వాళ్ళు?" అన్నాను, అడగొచ్చో లేదో తెలియకుండానే.

"మీ ఆంధ్ర దిక్కు భాషనే మాట్లాడుతరు. ‘మీరెందుకూ పనికిరారండీ, మీరు లేకపోతేనే అందరికీ హాయండీ’ అంటరు. తిట్టేది తిడుతరు గని, ‘అండీ’ ఇడువరు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. వెంటనే సిగ్గేసి నోరు మూసుకున్నాను.

"నవ్వు చెల్లె, ఏం గాదు. మంచి రోజులల్ల నాకు కూడ నవ్వే వస్తది" అన్నాడు.

మేడం పోయి చెల్లె అయింది ఆ రోజే. మంచి రోజులు అన్నాడంటే చెడ్డ రోజులు కూడా ఉంటాయి కదా అని నాకు అప్పుడు తట్టలేదు. సాంబారు వడ్డిస్తున్నారు, చూపు అటు పోయింది.

ఇక ఆ బగ్. మా సాఫ్ట్‌వేర్‌కు తెలుగు తెర కూడా ఉంది. నిర్మాణ పనివాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు వాడుకోవడానికి. అందులోంచి బయటికి వచ్చేటప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది. ‘మీరు నిజంగా వెళ్ళిపోవాలనుకుంటున్నారా?’ అని అడుగుతుంది. కింద రెండు మీటలు, ‘అవును’, ‘కాదు’. ఆయన ఏం కనిపెట్టాడంటే, ‘కాదు’ నొక్కినా అది బయటికి పంపేస్తోంది. నేను రాసిందే. రెండు మీటలకూ ఒకే పని అంటగట్టాను, పరధ్యానంలో.

"ఇది ఎప్పుడైనా చూద్దాంలెండి" అన్నాను. "బయటికి వెళ్దామనుకున్నవాళ్ళే ఆ పెట్టెదాకా వస్తారు. వచ్చి ‘కాదు’ ఎవరు నొక్కుతారండీ?"

ఆయన పని ఆపి నావైపు తిరిగాడు. "నొక్కెటోళ్ళు ఉంటరు చెల్లె. ఆడిదాక వచ్చి, ఆగి, వద్దులే అనుకునేటోళ్ళు. అసుమంటోళ్ళ కోసమే గద ఆ మీట పెట్టింది? కాదు అన్నోణ్ణి ఎట్ల పంపిస్తవు?"

దాన్ని అన్నిటికన్నా తీవ్రమైన బగ్‌గా గుర్తుపెట్టాడు. నేను తగ్గించాను. ఆయన పెంచాడు. నేను మళ్ళీ తగ్గించాను. ఇలా రెండు నెలలు ఆడుకున్నాం. నిజం చెప్పాలంటే, సరిచేయడానికి పావుగంట పట్టదు. పంతం కొద్దీ చేయలేదు.

ఆయన దగ్గర ఇంకో కట్టుబాటు ఉండేది. బగ్ ఎవరు తెరిచారో వాళ్ళే మూయాలి. ప్రోగ్రాం రాసినవాళ్ళకు మూసే హక్కు లేదు. మా మేనేజరు తొందరపడి ఏదైనా మూసేసినా, ఈయన వెళ్ళి మళ్ళీ తెరిచేవాడు. "దొంగ చేతికే తాళం చెవి ఇచ్చినట్లయితది" అనేవాడు.

ఆ ఏడాది అప్రైజల్ రోజులు వచ్చాయి. మా కంపెనీలకు ఇదొక పండగ. ఎవరికి వాళ్ళు తమ గురించి తామే ఒక ఫారంలో పొగుడుకోవాలి. సిగ్గులేకుండా పొగుడుకున్నవాడికి జీతం పెరుగుతుంది. నేను రెండు పేజీలు రాసుకున్నాను. ఆయన తన మీద తానే బగ్గుల జాబితా రాశాడు, నంబర్లు వేసి. ‘నిదానం. గుర్తుండదు. మీటింగుల నిద్ర వస్తది. చదువుకున్నప్పుడు ఫస్ట్ వచ్చేది, ఇప్పుడు పిల్లలకు కూడ వెనక.’ ఇలా నలభై దాకా. ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అన్న ప్రశ్న ఎదురుగా, ‘వర్తించదు’ అని రాశాడు.

మా మేనేజరు మంచివాడే. ఆయన్ని ఉద్యోగంలో నిలబెట్టుకున్నది అతనే. కానీ ఆ ఫారం చూసి హాస్యం అనుకున్నాడు. శుక్రవారం మీటింగులో, "చూడండి, మనవాడు తనను కూడా వదల్లేదు!" అని పైకి చదివాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. అందరికన్నా గట్టిగా నవ్విందాన్ని నేనే. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ ఉన్నది ఉన్నట్టు రాయమని నేర్పింది ఆయనే కదా.

తర్వాత వారం ఆయన నెమ్మదిగా అయిపోయాడు. కుళాయి ఒక్కసారే తిప్పాడు. టీ గటగటా తాగేశాడు. మనిషి బాగుపడుతున్నాడు అనుకున్నాం.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మా తెర పచ్చగా మారిపోయింది. పైనుంచి కిందిదాకా ఒక్క ఎరుపు లేదు. ఆయన తెరిచిన బగ్గులన్నీ ఆయనే మూసేశాడు. మా టీము చరిత్రలో అలాంటి రోజు లేదు. ఎవరో ఈలవేశారు. మేనేజరు కేకు తెప్పించాడు, దాని మీద ‘జీరో బగ్స్’ అని రాయించి మరీ. ఒక మనిషి తన పనులన్నీ మూటగట్టి పెట్టేస్తే దానికి కేకు కోసిన జాతి భూమ్మీద మాది ఒక్కటేనేమో.

కేకు ముక్క నోట్లో పెట్టుకుని, సరదాకి నా పాత బగ్ చూసుకున్నాను. ‘కాదు నొక్కినా పంపేస్తోంది.’ పచ్చగా ఉంది. కింద ‘సరి అయింది’ అని రాసి ఉంది.

నేను సరిచేయలేదు.

ఆ మనిషి జన్మలో చూడకుండా సరి అయిందని రాయడు. అమ్మవారి చేతులు లెక్కపెట్టిన మనిషి. కేకు అక్కడే వదిలేసి ఆయన సీటు దగ్గరికి పరుగెత్తాను. బల్ల తుడిచి ఉంది. నీళ్ళసీసా, టీ కప్పు హౌస్‌కీపింగ్ ఆమెకు ఇచ్చేశాడట. "మంచి కప్పు మేడం, ఎందుకో ఇచ్చిండు" అందామె.

లిఫ్టు ఆలస్యమైతే మెట్లు దిగాను, ఆరు అంతస్తులు. కింద రిసెప్షన్‌లో ఆయన సోఫా చివర చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా సెక్యూరిటీ ఆయన, పాలమూరు మనిషి, కుర్చీలో బిగుసుకుని ఉన్నాడు.

"మేడం, మీరన్న చెప్పండి జర. సారు ఆఫీసు కార్డు వాపస్ ఇస్తనంటున్నడు. ఫారం మీద మూడు సంతకాలు లేకుండ నేనెట్ల తీస్కుంట?"

మూడు సంతకాలు! ఈయన కార్డు బల్ల మీద పడేసి పోవచ్చు. ఎవరు ఆపుతారు? కానీ పద్ధతి పద్ధతే. ఫారం వచ్చేదాకా కూర్చున్నాడు. మా కంపెనీలో కాగితాల పని ఎవరికైనా మేలు చేసిందంటే అది ఆ ఒక్కరోజే.

నేను పక్కన కూర్చున్నాను. ఎలా అడగాలో తెలియలేదు. చుట్టూ తిప్పి అడిగితే ఆయనకు నచ్చదని మాత్రం తెలుసు.

"అన్నా, చచ్చిపోదామనుకుంటున్నారా?"

తలెత్తి చూశాడు. ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూస్తున్న ముఖం అది. ఆ ముఖం నేను మరిచిపోలేను.

"అవ్ చెల్లె. ఇయ్యాలనే అనుకున్న" అన్నాడు. అబద్ధమాడటం ఆయనకు రాదు.

"వాళ్ళు చెప్తున్నారా? ఆ గొంతులు?"

"ఆళ్ళు రోజు చెప్తనే ఉంటరు, ఆళ్ళదేముంది. ఇది నేనే టెస్ట్ చేసిన. నన్ను నేను మూడుసార్లు చూసుకున్న. మూడుసార్లు ఫెయిలే అయిన."

నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే వాళ్ళక్కకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఆవిడ వచ్చేదాకా ఆయన్ని లేవనివ్వకూడదు. ఏం మాట్లాడాలో తోచక, నోటికొచ్చింది అనేశాను.

"నా బగ్ ఎందుకు మూశారు? నేనింకా సరిచేయలేదు. చూడకుండా సరి అయిందని రాశారు మీరు."

ఆయన ముఖం ఎర్రబడింది. చావు మాట తాపీగా చెప్పిన మనిషి దీనికి సిగ్గుతో తల దించుకున్నాడు.

"తప్పు చేసిన. అది ఒక్కటి... అది మూస్తుంటే చెయ్యి ఆగింది చెల్లె. అయినా మూసిన."

"అయితే తెరవండి."

ఫోన్‌లో తెరిచి ఆయన చేతికిచ్చాను. ‘కాదు’ నొక్కాడు. పంపేసింది. మళ్ళీ నొక్కాడు. పంపేసింది. మూడోసారి కూడా నొక్కి చూసి, నెమ్మదిగా వేలితో టైపు చేశాడు. ఇంకా ఉంది.

బగ్ ఎర్రగా మారింది. పైన మావాళ్ళు కేకు తింటున్నారు.

వాళ్ళక్క ఆటోలో వచ్చింది, చేతికి పిండి ఆరనే లేదు. ఆరా తీయలేదు, అరవలేదు. తమ్ముడి పక్కన కూర్చుని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆఫీసుల తెరిచినోడే మూయాలె అని రోజు నా పానం తింటవు గద. నిన్ను తెరిచింది ఎవరురా? అవ్వనా, నువ్వా? నువ్వెట్ల మూస్తవు? నడువ్, దవాఖానకు పోదం" అంది.

ఆయన ఆలోచించాడు. "నువ్వు జెప్పింది కరెక్టే" అని లేచాడు. అక్క మీద బగ్ పెట్టడు కదా.

ఒక్క మాటతో మనిషి బాగుపడ్డాడని చెబితే అది కథ అవుతుంది. ఆయన నెలరోజులు దవాఖానాలో ఉన్నాడు. మందు మార్చారు. కొత్త మందుకు చేతులు వణికాయి, ఒళ్ళు వచ్చింది, దాని మీద డాక్టరమ్మకే ఆరు బగ్గులు రాసిచ్చాడట. ఒకరోజు అక్కతో కలిసి నేనూ ఆమె దగ్గరికి వెళ్ళాను. మా అందరి నవ్వు సంగతి చెప్పి, అపరాధభావంతో కుమిలిపోయాను.

"మీ నవ్వు ఒక్కటే కారణం కాదమ్మా, ఒక్క కారణం ఎప్పుడూ ఉండదు" అందామె. "కొందరికి గొంతులు ప్రమాదం. ఈయనకు తన మీద తను పెట్టుకునే పరీక్ష ప్రమాదం. తెలివైనవాడు, ఒకప్పుడు ఎలా ఉండేవాడో గుర్తున్నవాడు. ఆ చూపు లోపలికి తిరిగినప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మీరు నేరుగా అడిగారు చూడండి, అది మంచి పని. అడిగితే ఆ ఆలోచన కొత్తగా రాదు. ఉన్నది బయటికి వస్తుంది."

"ఆయన గుణం మారుతుందా డాక్టర్?"

"ఎందుకు మారాలి? ఆ గుణమే సోఫాలో కూర్చోబెట్టింది కదా, మూడు సంతకాల కోసం" అని నవ్వింది.

తిరిగి పనిలోకి వచ్చిన రోజు ఆయన నా దగ్గరికొచ్చి అడిగాడు. "నా బగ్ సరిచేసినవా?"

"చేయలేదు. చేయను కూడా. ప్రతి సోమవారం పొద్దున మీరొచ్చి చూసి, ఉందో లేదో రాయాలి. అది నాతో ఒప్పందం."

ఆయన నా ఎత్తు కనిపెట్టాడు. తప్పులు పట్టే మనిషికి ఇదో లెక్కా? నీళ్ళసీసా మూత మూడుసార్లు తిప్పి, "పదింటి లోపల రాస్త" అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి సోమవారం పదింటిలోపు, "ఇంకా ఉంది." నేను కాఫీ తాగే ముందు అది చూసేదాన్ని. ఒకసారి పదిన్నర దాటినా రాకపోతే వాళ్ళక్కకు ఫోన్ చేశాను. "ఉన్నడమ్మా, జ్వరమొచ్చింది, కంబలి కప్పుకొని నన్ను సతాయిస్తున్నడు" అంది. ఇంకోసారి మాత్రం, "ఇంకా ఉంది. ఇయ్యాల జర కష్టంగ ఉంది" అని రాశాడు. మూడు నిమిషాల్లో ఆయన సీటు దగ్గరున్నాను. అక్కను పిలిచి, దవాఖానాకు వెళ్ళాం. మళ్ళీ వారం మామూలే. ఐదేళ్ళు దాటినా నడిచింది. వర్తించదు అని రాసిన ఐదేళ్ళు. ఆ సంగతి నేను గుర్తుచేస్తే, "ఆ ఫారంల తప్పు రాసిన, దిద్దాలె" అన్నాడు, సీరియస్‌గానే.

వానాకాలం తర్వాత ఆ బగ్ కింద కొత్తగా ఏమీ రాలేదు. నేను తెరిచి చూడటం మానేశాను.

మొన్న లీడ్ మెయిల్ చూశాక, సాయంత్రం దాకా ఆగి, దాన్ని సరిచేశాను. పదకొండు నిమిషాలు పట్టింది. మంగళవారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని ఖాజాగూడ వెళ్ళాను. అక్క పెనం మీద నీళ్ళు చల్లుతోంది. సంగతంతా చెప్పి, బండి పక్క బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చింది. తెర మీద ఉన్నది కూడబలుక్కుని చదివింది.

"‘మీరు నిజంగా వెళ్ళిపోవాలనుకుంటున్నారా?’ ఇదేనా, వాడు రోజు చెప్పేది?"

"అదేనక్కా. ‘కాదు’ నొక్కండి."

నొక్కింది. తెర కదల్లేదు. నావైపు చూసి మళ్ళీ నొక్కింది. నేను చెప్పకుండానే మూడోసారి కూడా నొక్కింది.

"ఏం గాలేదేంది చెల్లె? ఉన్న కాడనే ఉంది."

"అంతే కావాలక్కా" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఇడ్లీ కోసం నిలబడ్డ డెలివరీ అబ్బాయిలు మొహాలు తిప్పుకున్నారు.

కాసేపటికి ఆవిడే ముక్కు తుడుచుకుని అడిగింది. "మంచిగైంది గద. ఇగ మూసేస్తవా?"

"నాకు హక్కు లేదక్కా. తెరిచినవాళ్ళే మూయాలి."

ఆవిడ పెనం దగ్గరికి వెళ్ళి, పిండి పోసి, గరిటెతో గుండ్రంగా తిప్పింది.

"అయితే ఉండనియ్" అంది. "కూసో, దోస తిని పో."